ఎక్కని రీలు

ఇక్బాల్ బేగం నాలుగోసారి ఫోన్ చేసినప్పుడు కూడా ఉదయలక్ష్మి అబద్ధమే చెప్పింది.

"ఇంకా ల్యాబులోనే ఉందండీ. ఈ రోజుల్లో రీలు కడిగేవాళ్లు తక్కువ కదా, ఆలస్యమవుతోంది."

"ఫికర్ లేదు మేడం. శుక్రారం మా ఆయన నలభయ్యో దినం. అప్పటికి ఫోటో ఇస్తే సాలు. గోడకు పెట్టను, మా ఇంట్ల పెట్టరు. బీరువాల దాసుకుంట."

ల్యాబులో ఏమీ లేదు. అసలు ఆ ఫోటోయే లేదు.

లక్డీకాపూల్‌లో ఆఫీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, అమీర్‌పేటలో పాత సామాన్ల కొట్లో ఒక రీలు కెమెరా కొనుక్కుందామె. "ఫోనుంది కదత్తయ్యా, ఈ డబ్బా ఎందుకు?" అంది కోడలు మంజూష. మనుషులు వెళ్లిపోతారన్న భయం ఉదయలక్ష్మిది. భర్తను అంబులెన్సు ఎక్కించిన రోజు ఆయన ముఖం ఎలా ఉందో ఎంత తలచుకున్నా గుర్తురాదు, మూసుకుంటున్న తలుపు మాత్రం గుర్తుంది. కెమెరా ముందు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నిలబడి ఆమె వైపే చూస్తున్నంత సేపూ, లోకంలో ఎవరూ ఎక్కడికీ పోవడం లేదన్నట్టుండేది. అందుకే రోజూ పొద్దున్నే అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిచేది. ఒక్కొక్కరికి మూడేసి ఫోటోలు. తీసినవాళ్లందరికీ తలా ఒక కాపీ తెచ్చిస్తానని మాట. బాబూ మియాను తీసిన రోజు దాకా ఆ మాట తప్పలేదు.

బాబూ మియా పంజాగుట్టలో మెట్రో పిల్లర్ కింద కూర్చుని బ్యాగుల జిప్పులు కుట్టేవాడు. కోచింగ్ పిల్లలంతా ఆయన గిరాకీలే. ఫోటో అనగానే సూది పక్కన పెట్టి, సీసాలో నీళ్లతో ముఖం కడిగి, గోరింటాకు పెట్టిన గడ్డం దువ్వి, టోపీ సర్దుకున్నాడు.

"మొత్తం రావాలె మేడం. చెప్పులు సుత. మా బేగం కొనిచ్చింది."

"వస్తాయండీ."

ఒకటి నొక్కగానే, "ఏదీ, జర చూపియ్యి" అన్నాడు.

"ఇది ఫోను కాదు మియా గారూ. రీలు. కడిగితే గానీ కనబడదు."

"అచ్ఛా! పుట్టేదాంక పోరడో పోరో తెల్వనట్టు!"

చుట్టూ చేరిన పిల్లలు పకపకా నవ్వారు. "తాతా, హీరో లెక్క ఉన్నవ్!"

రెండోదాని కోసం మీట లాగుతూ అప్పుడు చూసిందామె. రీలు సరిగ్గా ఎక్కితే, మీట లాగినప్పుడల్లా ఎడమవైపున్న చిన్న చక్రం కూడా తిరగాలి. తిరగలేదు. ఫోటోల లెక్క చూపే అంకె మాత్రం పంతొమ్మిది నుంచి ఇరవైకి జరిగింది. పొద్దున తొందరలో రీలు మొన పట్టుకుందో లేదో చూడకుండా మూత వేసేసింది. అంటే ఆ పొద్దున అంతకుముందు తీసిన ఆరుగురి ఫోటోలూ ఉత్తవే.

చెప్పాల్సింది. "ఆగండి మియా గారూ, పొరపాటయింది, రేపొస్తాను" అంటే అయిపోయేది. కానీ పిల్లలు చూస్తున్నారు. ఈ వయసులో మెడలో కెమెరా వేసుకు తిరిగే ముసలిదానికి రీలు ఎక్కించడం కూడా రాదనుకుంటారని సిగ్గేసింది. ఎదురుగా ఆయన ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు. ఆమె రెండోది నొక్కింది. మూడోదీ నొక్కింది. "చాలా బాగా వచ్చిందండీ" అని కూడా అంది. రేపు ఏదో వంక చెప్పి మళ్లీ తీయొచ్చులే అనుకుంది.

మర్నాడు వాన. తర్వాత ఆమెకు జ్వరం. పదోనాడు వెళ్తే పిల్లర్ కింద ఎవరూ లేరు. మొన్న పొద్దున్నే గుండె ఆగిందని టీ బండివాడు చెప్పాడు. ఫోటో తీసిన రోజు ఆమె రాసిచ్చిన ఫోన్ నంబరు ఆయన జేబులో భార్య ఇక్బాల్ బేగంకి దొరికింది.

గురువారం ఎర్రగడ్డ రైతుబజారు వెనక బేగం ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ల్యాబువాళ్లు పాడుచేశారని చెబుదామనే దారి పొడుగునా అనుకుంది. బేగం తలుపు తీసి, ముందు ఆమె చేతుల వైపు చూసింది, కవరేమైనా ఉందేమోనని.

"కూసోండి మేడం, చాయ్ పెట్టిన. మా మనవరాలు అతియా ఫ్రేమ్ సుత తెచ్చింది. వద్దంటే వినలే."

మంచం మీద చెమ్కీ అంచు ఫ్రేము ఉంది. అది చూశాక ల్యాబు మాట నోట్లోంచి రాలేదు.

"ఫోటో లేదండీ. ఆ రోజు కెమెరాలో రీలు ఎక్కలేదు."

"ఖరాబయిందా?"

"అసలు తీయనేలేదు."

"మూడుసార్లు తీసిండ్రట గదా? ఇంటికొచ్చి చెప్పిండు."

"తీసినట్టు చేశాను."

"మీకెప్పుడు తెలిసింది?"

ఇదొక్కటీ అడగకుండా ఉంటే బాగుండుననుకుంది. ఇంటికి వెళ్లాక తెలిసిందంటే చాలు, ఉత్త పొరపాటుగా మిగిలిపోతుంది.

"అప్పుడే తెలుసు. పిల్లలు నవ్వుతారని చెప్పలేదు."

బేగం లేచి పొయ్యి ఆపేసింది. చాయ్ పోయలేదు.

"నీకు సిగ్గయితదని ఆయనను ఉత్తగ నిలవెట్టినవ్" అంది, అంతవరకు మీరు అన్న మనిషి. "చెప్పులు సుత వస్తయన్నవంట. ఎన్నిసార్లు చెప్పుకున్నడో!"

"తప్పేనండీ. క్షమించండి."

"మాఫీ అడగకు. ఇప్పుడు నాతోని కాదు." పొయ్యి వైపే తిరిగి అడిగింది. "నవ్విండా?"

"మూడోసారి నవ్వబోయి కళ్లు మూసుకున్నారు."

"గట్లనే మూస్తడు. ఆధార్ ఫోటోకు సుత నాలుగుసార్లు మూసిండు." బేగం నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగాక, "ఆయన ముందర ఎంతమందిని తీసినవ్ గట్ల?" అంది.

"ఆరుగురిని. అప్పుడు నాకు తెలియదండీ."

"ఇప్పుడు తెలుసు గదా. చెప్పినవా?"

"లేదండీ."

"వాళ్లు బతికే ఉన్నరు గదా. ఇంక ఇక్కడేం జేస్తున్నవ్? పో."

అక్కణ్ణుంచి ఇంటికి కాక పంజాగుట్ట చౌరస్తాకే వెళ్లింది. పూలమ్మే పెంటయ్య, ఆ ఆరుగురిలో మొదటివాడు, గిరాకీలతో ఉన్నాడు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనిపించింది. ఆగలేదు.

"పెంటయ్యా, నీ ఫోటో రాలేదు. తప్పు నాదే, రీలు సరిగ్గా ఎక్కించలేదు."

"ఏందమ్మా గట్లంటవ్? మా బిడ్డకు ఫోన్ జేసి మరీ చెప్తిని! కొత్తంగి ఏసుకొని నిలవడ్డ. రానిదానివి మెడల గా కెమెరా ఏసుకొని తిరుగుడెందుకు?"

మల్లెపూలు మూర కొలిపించుకుంటున్న అమ్మాయి ఉదయలక్ష్మిని పైనుంచి కిందిదాకా చూసి నవ్వింది. ఆమె కదలకుండా నిలబడి, పెంటయ్య తిట్టడం అయ్యేదాకా విన్నది.