మైకులో ప్రార్థన

దేవుడికి చెవుడు లేదు. ఈ సంగతి మా ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. నలభై కుర్చీలు వేస్తే నడవడానికి దారి ఉండని హాల్లో, పక్క వీధికి వినపడేలా మైకు పెట్టి ప్రార్థన చేస్తారు. హైస్కూల్లో లెక్కలు చెప్పిన గొంతు అది. ఆయన రిటైరయ్యారు గానీ ఆ గొంతు మాత్రం కాలేదు.

మేమిద్దరం ఈ దేశంలోని తెలుగువాళ్ల మధ్య సేవకొచ్చి రెండేళ్లు దాటింది. ఆయనకి అరవై ఎనిమిది, నాకు అరవై నాలుగు. టైర్ల కొట్టు పైన రెండు గదుల్లో మా కాపురం. సేవంటే మా చర్చి సంఘంవాళ్లు ఏమేమో ఊహించుకుని దండలు వేసి మరీ పంపారు. ఇక్కడికొచ్చాక తెలిసింది, సేవంటే కుర్చీలు తుడవడం, హాలు తాళం కోసం ఓనరు చుట్టూ తిరగడం, వచ్చీరాని భాషలో కూరగాయలు బేరమాడడం. నేను నర్సుగా చేసినదాన్ని కాబట్టి ఇంటింటికీ తిరిగి బీపీ కూడా చూస్తాను. పట్టీ చేతికి చుట్టేసరికి మనుషులు తమ కష్టాలు చెప్పుకుంటారు. ఎందుకో తెలీదు, అన్నిచోట్లా అంతే.

పొద్దున్నే కాఫీ తాగుతూ, ఆ రోజు ఎవరి కోసం ప్రార్థించాలో మాట్లాడుకోవడం పెళ్లైన దగ్గర్నుంచీ మాకు అలవాటు. నేను చెబుతాను, ఆయన నోట్‌బుక్కులో రాసుకుంటారు. ఫలానావిడకి మోకాళ్ల నొప్పులు, ఫలానాయన మళ్లీ తాగుతున్నాడు. దీనికి మేం పెట్టుకున్న పేరు భారం పంచుకోవడం. ఇదే పని ఇంకొకళ్లు చేస్తే చాడీలు అని ఉండేదాన్ని.

మా వీధి చివర లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ ఉంది. పన్నెండేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని ప్రతి ఆదివారం హాలుకి వచ్చేది. భర్త ఓడలో పని చేస్తున్నాడని అందరికీ చెప్పింది, కూతురికీ అదే చెప్పింది. ఒక మంగళవారం నేను బీపీ చూస్తుంటే ఉన్నట్టుండి బావురుమంది.

"ఓడా లేదు గీడా లేదమ్మా. ఆరేళ్లుగా జైల్లో ఉన్నాడు. కొట్లాటలో ఒక మనిషి చచ్చిపోయాడు. నెలనెలా ఉత్తరం నేనే ఎడం చేత్తో రాసి, నాన్న రాశాడని పిల్లకిస్తున్నాను. ఇంకాస్త పెద్దదయ్యాక నేనే చెప్పుకుంటాను. అంతవరకు ఎవరికీ తెలియనివ్వొద్దమ్మా."

చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను.

మర్నాడు కాఫీ తాగుతూ మా ఆయనకి చెప్పేశాను. ఎవరికీ అంటే మొగుడికి కూడా అని నాకు తట్టనే లేదు. ఆయన రాసుకున్నారు.

ఆదివారం తల్లీకూతుళ్లు మూడో వరసలో కూర్చున్నారు. మా ఆయన కళ్లు మూసుకుని మైకు దగ్గరికి లాక్కున్నారు.

"ప్రభువా, బట్టలు ఇస్త్రీ చేసుకుని బతుకుతున్న మా సోదరిని జ్ఞాపకం చేసుకో. ఆరేళ్లుగా జైల్లో మగ్గుతున్న ఆమె భర్తకి విడుదల దయచెయ్యి."

అందరూ ఆమెన్ అన్నారు. నేను కళ్లు తెరిచేసరికి పిల్ల తల్లి మొహంలోకి చూస్తోంది. తల్లి కళ్లు తెరవలేదు.

ఇంటికి రాగానే నా ఒళ్లు మండిపోయింది.

"నేను పేరు చెప్పలేదు కదే," అన్నారాయన.

"ఆ హాల్లో ఇస్త్రీ చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారండీ? పదిమంది ఉన్నారా?"

"నేను దేవుడికి చెప్పాను."

"దేవుడికి చెప్పడానికి మైకెందుకు? ఆయనకేమైనా చెవుడా?"

"ఆవిడ కష్టం చూడలేక..."

"ఆవిడ ఆరేళ్లు కడుపులో పెట్టుకుని దాచుకుంది. మీరు ఒక్క నిమిషంలో ఊరేగించారు!"

"వచ్చే ఆదివారం అందరి ముందూ క్షమాపణ అడుగుతాను," అన్నారాయన.

"మళ్లీ మైకులోనా? వినని వాళ్లెవరైనా మిగిలిపోయారనా?" చేతిలో ఉన్న గరిటె తీసి సింకులో విసిరికొట్టాను. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో గరిటె విసరడం అదే మొదలు.

బుధవారం లాండ్రీ ఓనరు మెట్ల దగ్గర కనిపించి చెప్పాడు. ఆ పిల్ల ఉత్తరాలన్నీ చించి పోగుపెట్టిందట. ఆదివారం నుంచీ తల్లితో ఒక్క మాట లేదట. పెడితే తింటుందట, పిలిస్తే పలకదట. తల్లి ఏడుస్తూనే ఇస్త్రీ చేస్తోందట. నేను తిన్నగా పైకి వెళ్లి మా ఆయన్ని లేపాను.

"నడవండి. బైబిలు ఇక్కడే పెట్టండి. ఉత్తి చేతులతో రండి."

లాండ్రీ లోపల ఆవిరికి మొహానికి చెమట పట్టింది. ఆవిడ మమ్మల్ని చూసి కూడా ఇస్త్రీ ఆపలేదు. పిల్ల దుప్పట్ల మూట మీద కూర్చుని హోమ్‌వర్క్ చేసుకుంటోంది. మా ఆయన వెళ్లి ఆ పిల్ల ముందు నిలబడి, చేతులు కట్టుకుని, అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నారు.

"అమ్మా, ఆ రోజు..."

"కళ్లు తెరిచి చెప్పండి," అంది పిల్ల.

ఆయన కళ్లు తెరిచారు. ముప్పై ఏళ్లు పిల్లల్ని గడగడలాడించిన మనిషి గొంతు బాగా తగ్గించారు. "తప్పు చేశాను. ఆ మాట నేను ఎవరి ముందూ అనాల్సింది కాదు," అన్నారు.

బాగా అయ్యిందనుకున్నాను. నిజం చెప్పాలంటే కోపంలో నాకు కాస్త తృప్తిగా కూడా అనిపించింది.

"మీకెవరు చెప్పారు?" అంది పిల్ల.

నా భార్య చెప్పిందని ఆయన అనొచ్చు. అనలేదు, కిందికి చూస్తూ నిలబడ్డారు. ఇస్త్రీ చప్పుడు ఆగిపోయింది. ఆవిడ నావైపు చూస్తోంది. ఆవిడకి తెలుసు. చెప్పింది నా ఒక్కదానికే. ఆదివారం నుంచీ ఆయన మీద అంతంత నోరు చేసుకున్నదాన్ని, ఆవిడ చూపు తగిలేసరికి ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

"నేనే చెప్పాను," అన్నాను. "మీ అమ్మ నన్ను నమ్మింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చి, తెల్లారేసరికి ఈయనకి చెప్పేశాను."

ప్రార్థన కోసమేనమ్మా అన్న మాట గొంతు దాకా వచ్చింది. సిగ్గేసి మింగేశాను.

పిల్ల పుస్తకం మూసి నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, వీళ్లని పంపించెయ్."

మూడు రోజుల్లో ఆ పిల్ల తల్లితో అన్న మొదటి మాట అది. ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, వచ్చి మాకు తలుపు తీసింది.