ముల్లు మోపిన దొంగతనం

డ్రైవరు ఆ పాతకాలపు కారు బ్యాటరీ తీగ విప్పేలోగా, రిపేరు షెడ్డు నడిపే అతని బావమరిది ట్యాంకులోని పెట్రోలంతా డబ్బాల్లోకి పట్టేశాడు.

"నిన్న గేటు దగ్గర నీ సంచీ తిరగేశారట కదా, బావా?"

"అన్నం గిన్నె మూత తీసి వాసన కూడా చూశారు."

"అన్నంలో పెట్రోలు కలుపుకుంటావనుకున్నారేమో."

డ్రైవరుకి నవ్వు రాలేదు. సాయంత్రం ట్యాంకు నింపితే మీటరు ముల్లు నిండుగా చూపించేది, తెల్లారేసరికి సగానికి పడిపోయేది. తాళం అతని దగ్గరే ఉంటుంది. ఇంకేం కావాలి? వాచ్‌మన్, వంటావిడ, తోటపని మనిషి చూస్తుండగానే యజమాని కొడుకు చిన్నయ్య నోరు పారేసుకున్నాడు. "మా నాన్న కళ్ళు కప్పినట్టు నా కళ్ళు కప్పలేవు" అన్నాడు. ట్యాంకు మూత తీసి చూడండి బాబూ అంటే, "నాకు మీటరుంది" అన్నాడు. వెనక సీటు సందులో పిన్నీసు దొరికినా తెచ్చి అప్పగించిన మనిషికి, వయసంతా ఆ స్టీరింగు వెనకే అరిగిపోయాక పడిన ముద్ర ఇది.

రిపేరు దగ్గరుండి చూస్తానని వచ్చిన చిన్నయ్య ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

బావమరిది ట్యాంకు పైనున్న స్క్రూలు విప్పి, పొడుగాటి కడ్డీని మెల్లగా బయటికి లాగాడు. దాని చివర ఇత్తడి ఫ్లోటు ఉంది. అది పెట్రోలు మీద ఎంత ఎత్తున తేలితే ముల్లు అంత చూపిస్తుంది. దాన్ని చిన్నయ్య చెవి దగ్గర ఊపాడు. లోపల పెట్రోలు గలగలమంది.

"దొంగ దొరికాడండి. తాగుబోతు. అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక. ట్యాంకు నింపగానే తేలుతుంది, రాత్రంతా తాగి మునుగుతుంది, పెట్రోలు అడుగంటాక కక్కేస్తుంది."

కొత్తది బిగించి, పెట్రోలు తిరిగి పోసి, తీగ కలిపారు. ముల్లు నిటారుగా లేచింది.

"సరే, పోనీలే. ఇంటికి పోనివ్వు" అన్నాడు చిన్నయ్య.

డ్రైవరు కదల్లేదు. "నేను తియ్యలేదని ఆ ముగ్గురి ముందూ ఓ మాట అనండి, చిన్నయ్యగారూ."

"పనివాళ్ళని నిలబెట్టి నేను సంజాయిషీ చెప్పుకోవాలా? అనుమానం ఎవరికైనా వస్తుంది."

"వాళ్ళ ముందే కదండీ వచ్చింది."

చిన్నయ్య వెనక సీట్లో కూర్చుని ఫోను తీశాడు. దారి పొడుగునా డ్రైవరు ఇంటి దగ్గరైనా అంటాడేమో, ఒక్క ముక్క చాలు అనుకున్నాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ కిటికీలోంచి చెయ్యి చాపాడు. "సంచీ ఇవ్వు, అన్నా. వచ్చినా పోయినా చూడమని చిన్నయ్యగారి ఆర్డరు. ఏమనుకోకు."

డ్రైవరు అద్దంలో వెనక్కి చూశాడు. చిన్నయ్య కూడా ఆ చేతిని చూశాడు. చూసి మళ్ళీ ఫోనులోకి తలదించుకున్నాడు.

డ్రైవరు సంచీ ఇచ్చాడు. వాచ్‌మన్ గిన్నె మూత తీస్తున్నంతసేపూ దాని మీంచి కళ్ళు తిప్పుకోలేదు. తర్వాత కారు నీడలో పెట్టి, చిన్నయ్య దిగి లోపలికి వెళ్ళిపోయాక, అద్దాలెక్కించి, తాళం తెచ్చి వాచ్‌మన్ చేతిలో పెట్టాడు.

"రేపు పొద్దున్నే బయల్దేరాలంట, అన్నా."

"ఎవరొస్తే వాళ్ళకి చెప్పు."

సంచీ భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరిగాడు.

డ్రైవరు సీటు మీద, స్ప్రింగు గుచ్చుకోకుండా అతని భార్య పాత దుప్పటి మడిచి కుట్టిన మెత్త ఉండిపోయింది. దాని మధ్యలో అతని బరువుకి పడ్డ గుంట ఇంకా పూడలేదు.