ఎడమ పక్క ఎర్రదీపం

జాన్ బాబు బండిలాంటి బండి ఐర్లాండులోని కెర్రీ జిల్లా మొత్తంలో ఇంకోటి లేదు. ఈ మాట మొదట జాన్ బాబే చెప్పుకున్నాడు, గొప్పగా. తర్వాత స్పేరు పార్టుల దుకాణాలవాళ్లు చెప్పారు, విచారంగా.

అది జపాన్ నుంచి ఓడెక్కి వచ్చిన ఎనిమిది సీట్ల వ్యాను. మీట నొక్కితే పక్క తలుపులు వాటంతటవే జరుగుతాయి. జపాన్‌లో స్టీరింగు కుడిపక్క, ఐర్లాండులో కుడిపక్క, గుంటూరులోనూ కుడిపక్కే. మూడు దేశాలకీ సరిపోయిన బండి దేవుడు తనకే ఇచ్చాడని ట్రాలీ ఊళ్లోని తెలుగు క్రైస్తవ సహవాసంలో జాన్ బాబు లేచి నిలబడి సాక్ష్యం చెప్పినంత పని చేశాడు. ఆదివారం వస్తే నర్సమ్మలందర్నీ ఆ బండిలోనే ప్రార్థనకి తీసుకెళ్లేవాడు. ఎనిమిది సీట్లలో ఎంతమంది పట్టారని గార్డులు అనే అక్కడి పోలీసులు ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

బండికి ఒక్కటే చెడ్డగుణం. రివర్సులో పెడితే లోపల్నుంచి ఒక జపాన్ ఆడమనిషి గొంతు మాట్లాడుతుంది. కొత్తల్లుడు గుమ్మంలోకి వచ్చినప్పుడు మన అత్తగార్లు కూడా అంత మర్యాదగా పలకరించరు. ఒకరోజు జాన్ బాబు ఇంటి వెనక బండి తిప్పుతూ ఆ మర్యాదకి మురిసిపోయి వెనక్కి పోనిస్తూనే ఉన్నాడు. ఆమె మర్యాద తప్పకుండా చెబుతూనే ఉంది. చివరికి రాతిగోడ చెప్పింది. ఎడమ పక్క వెనక దీపం పొడుం పొడుం అయింది.

జాన్ బాబు పని చేసేది ఊరి పక్కనున్న వృద్ధాశ్రమంలో. ఆయన భార్య ఫెబి పెద్దాసుపత్రిలో నర్సు. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసి చేసి పగలంటే ఎలా ఉంటుందో మర్చిపోయిన మనిషి. ఆమెకి ఇప్పుడు పగటి ఉద్యోగం వచ్చింది. పల్లెల్లో ఇళ్లకి వెళ్లి ముసలివాళ్ల పుళ్లకి కట్లు కట్టి రావాలి. షరతు ఒక్కటే. నెలాఖరులోపు డ్రైవింగు టెస్టు పాసైన కాగితం చూపించాలి. టెస్టు తేదీ దొరకడానికే చలికాలం వెళ్లి ఎండాకాలం వచ్చింది. ఇది తప్పితే మళ్లీ తేదీ ఎప్పటికో. బ్రేకు దీపం వెలగని బండిని టెస్టు పెట్టేవాళ్లు ముట్టుకోరు, ఇంటికి పంపేస్తారు.

"ఏవండీ, మీరు పగలగొట్టింది లైటు కాదు, నా ఉజ్జోగం," అంది ఫెబి.

"బల్బే కదా, మార్చేస్తాలే."

బల్బయితే మార్చును. ఆ దీపంలో బల్బే లేదు. తాటిముంజెలా మొత్తం ఒకటే ముక్క. పగిలితే ముక్కంతా కొత్తది పెట్టాల్సిందే.

ఇంకొకరి కారు అడుగుదామంటే, ఈ దేశంలో బండికీ మనిషికీ కలిపి ఇన్సూరెన్సు ఉండాలి. గేర్లు లేని కారుతో డ్రైవింగు నేర్పే మాస్టారు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. ఆయన ఆస్ట్రేలియాలో కూతురి దగ్గరికి వెళ్లాడు. మిగతా మాస్టర్లవన్నీ గేర్ల కార్లు. గేర్లు లేని ఈ వ్యాను మీదే నేర్చుకున్న ఫెబి గేరు కర్రని జన్మలో ముట్టుకోలేదు.

జాన్ బాబు పార్టుల దుకాణానికి వెళ్లాడు. కౌంటరు వెనక డోనల్ అనే ఎర్రగడ్డం ఆయన బండి నంబరు కంప్యూటరులో కొట్టాడు. కంప్యూటరు రంగు చెప్పింది, బరువు చెప్పింది. మోడలు దగ్గరికి వచ్చేసరికి గీత పెట్టి ఊరుకుంది.

"ఈ దేశంలో కంపెనీ ఎప్పుడూ అమ్మని బండి ఇది. ఛాసిస్ నంబరు చెప్పు," అన్నాడు డోనల్.

జాన్ బాబు చెప్పాడు. డోనల్ కొట్టాడు. కంప్యూటరు ఒప్పుకోలేదు. జపాన్‌వాళ్ల నంబరు పొట్టిది, ఇక్కడి గడులు ఎక్కువ.

"ఇంకా అక్షరాలు కావాలంటోంది."

"ఉన్నవన్నీ ఇచ్చేశానండీ. చాలకపోతే మా నాన్న ఇంటిపేరు కలపండి."

డోనల్ నవ్వి, "గ్రాండ్. నో బాదర్. గురువారం ఫోన్ చెయ్," అన్నాడు.

జాన్ బాబు సంతోషంగా ఇంటికొచ్చి పని అయిపోయిందని చెప్పాడు. గురువారం ఫోన్ చేస్తే డోనల్ సోమవారం అన్నాడు. సోమవారం చేస్తే డబ్లిన్‌లో ఎవరినో అడిగానన్నాడు. ఆ డబ్లిన్ ఆయనకి చేస్తే, జపాన్ నుంచి ఓడలో రావాలి, నెలలు పడుతుంది, గ్రాండ్ అన్నాడు. చెవికి ఫోను ఆనించి ఆనించి జాన్ బాబు చెవి ఎంత వేడెక్కిందంటే, ఎండాకాలంలోనూ హీటరు వేసే ఆ దేశంలో, వారమంతా వాళ్లింట్లో హీటరు వెయ్యలేదు.

"ఈ గ్రాండ్ అనే మాటకి అర్థం ఏంటంటావు?" అని ఫెబిని అడిగాడు.

"మీరు ఇంటికెళ్లండని," అంది ఫెబి.

సహవాసంలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఎస్తేరమ్మ ఆంటీ మోకాళ్ల నొప్పులు చెప్పింది. జాన్ బాబు ఎడమ పక్క బ్రేకు లైటు చెప్పాడు. పాస్టరు గారు రెండూ కలిపి ప్రార్థించారు. ఆంటీ మోకాళ్లు కొంచెం తేలికపడ్డాయి.

లిమరిక్ ఊరి అవతల పాత బండ్లు విప్పి అమ్మే యార్డులో అచ్చం ఇలాంటి వ్యాను ఒకటి పడి ఉందని ఎవరో చెప్పారు. దీపం లేని బండితో పెద్దరోడ్డు ఎక్కితే గార్డులు ఆపుతారని జాన్ బాబు బస్సెక్కాడు. దిగిన చోటి నుంచి యార్డుకి పొలాల మధ్య దారి. ఎదురుగాలి. రెండడుగులు ముందుకేస్తే మూడడుగులు వెనక్కి వస్తున్నాడు. ఇలా కాదని తెలివిగా వెనక్కి తిరిగి, ఇంటికెళ్లేవాడిలా నడిచాడు. ఆ లెక్కన రెండడుగులు ఇంటివైపు, మూడడుగులు యార్డువైపు పడి గేటు దగ్గర తేలాడు.

వ్యాను ఉన్న మాట నిజమే. అదే రంగు, అవే తలుపులు. పరుగున వెనక్కి వెళ్లి చూస్తే దీపాలుండాల్సిన చోట రెండు బొక్కలు. వాటిలోంచి గాలి ఈల వేస్తోంది.

"నిన్ననే కార్క్ ఊరాయన ఒకడొచ్చి రెండూ పట్టుకెళ్లాడు. అవసరం లేకపోయినా, మళ్లీ దొరకవని తీసుకున్నాడు," అన్నాడు యార్డు యజమాని. "వైపర్లు ఇవ్వమంటావా?"

జాన్ బాబు ఆ రోజు తిరుగు బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. అది ఆయన్ని ఎరిగినవాళ్లు నమ్మని సంగతి.

అప్పుడు విజయవాడ నుంచి ఫెబి తమ్ముడు ప్రసన్న కుమార్ ఫోన్ చేశాడు. "బావా, ఇంత చిన్నదానికి ఐర్లాండంతా తిరుగుతావేంటి? ఆటోనగర్‌లో మస్తాన్ గారున్నారు. ఫోటో చూపిస్తే విమానం తోకైనా చేసిస్తారు."

"ఇది జపాన్ బండిరా."

"స్టీరింగు ఏ పక్క?"

"కుడిపక్క."

"మనకీ కుడిపక్కే. ఇంకేంటి బావా, మనూరి బండే అనుకో."

ఈ తర్కం జాన్ బాబుకి బైబిలు వాక్యంలా వినబడింది. అప్పటికప్పుడు టేపు తీసుకుని వాన్లో బండి వెనక కూర్చున్నాడు. పగిలిన దీపంలో చూపించడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, బాగున్న దీపాన్ని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. కొలతలు రాసి పంపాడు. మస్తాన్ గారు అచ్చు పోసి, దీపాలు పొదిగి, వైర్లు వదిలి వారంలో చేసిచ్చారు.

సామాను తెచ్చేవాళ్లకి మనవాళ్లలో కరువు లేదు. ఇండియా వెళ్లిన ప్రతివాడి సూట్‌కేసులో సగం ఊరివాళ్ల సొమ్మే. డబ్లిన్ శివారు సిటీవెస్ట్‌లో సాఫ్ట్‌వేరు చేసే రాజ్‌కిరణ్ ఖమ్మంలో అత్తగారింటికి వెళ్లి ఉన్నాడు.

"అన్నా, జాగ లేదన్నా. మా అత్త పచ్చళ్లతోనే సూట్‌కేస్ నిండిపోయింది," అన్నాడు.

"ఒక సీసా తీసెయ్యి తమ్ముడూ."

"ఆ మాట మా అత్తకు నువ్వు చెప్తవా?"

ఎలాగో సీసాల మధ్య ఇరికించి తెచ్చాడు. టెస్టుకి ముందురోజు పొద్దున్నే జాన్ బాబు ట్రాలీలో రైలెక్కి డబ్లిన్‌లో దిగి, లువాస్ ట్రాము పట్టుకుని సిటీవెస్ట్ చేరాడు. రాజ్‌కిరణ్ గళ్ల లుంగీలో చుట్టిన మూట బల్ల మీద పెట్టాడు. మూట విప్పగానే గోంగూర వాసన.

"ఎయిర్‌పోర్టుల ఆపిన్రు అన్నా. ఇదేంది అంటే బ్రేక్ లైట్ అన్న. కారేది అన్నడు. ట్రాలీల ఉందన్న. వాడు నన్ను చూసిండు, లైటును చూసిండు, పొమ్మన్నడు."

దీపం కోసిన పుచ్చకాయలా ఉంది. మస్తాన్ గారి పనితనం ఎలాంటిదంటే, ఫోటోలో దీపం మీద ఉన్న సన్నని గీతని కూడా వదలకుండా గీశారు. జాన్ బాబు దాన్ని రైల్లో ఒళ్లో పెట్టుకుని పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చాడు. ఎదురు సీట్లో ముసలావిడ అడక్కుండానే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాడు. ఆవిడ దిగాల్సిన స్టేషను దాటిపోయింది.

సాయంత్రం ఇంటికి రాగానే ఫెబి చేతిలో పెట్టాడు. ఆమె తిప్పి తిప్పి చూసింది. గీత మీద వేలు పెట్టింది.

"ఈ గీత పడింది కుడిపక్క దాని మీద కదండీ. సూపర్‌మార్కెట్ దగ్గర ట్రాలీ రాసుకుని."

"అవును. చూశావా, అది కూడా దించేశారు."

"మరి పగిలింది ఏ పక్కది?"

జాన్ బాబు దీపం లాక్కున్నాడు. బండి వెనక్కి వెళ్లి, దీపాన్ని ఎడమ పక్క బొక్కలో పెట్టి చూశాడు. వంపు బయటికి ఉండాల్సింది లోపలికి ఉంది. తోసి చూశాడు. ఊది చూశాడు. విజయవాడకి ఫోన్ చేశాడు.

"నువ్వు పంపిందే చేశారు బావా," అన్నాడు ప్రసన్న కుమార్. "ఏ పక్కదో నువ్వు చెప్పావా? పోనీ దాచుకో, ఆ పక్క పగిలినప్పుడు పనికొస్తది."

జాన్ బాబు ఫోను పెట్టేసి, బండెక్కి తలుపు వేసుకుని కూర్చున్నాడు. డోనల్ మీద కోపం, కార్క్ ఆయన మీద కోపం, పొట్టి నంబరు పెట్టిన జపాన్ దేశం మీద కోపం. ఎవరి మీద చూపించాలో తెలియక రివర్సులోకి లాగాడు. ఆవిడ మర్యాదగా మొదలుపెట్టింది.

"తల్లీ, నోరు మూసుకో," అన్నాడు జాన్ బాబు. ఆవిడ వినలేదు.

వెనక నుంచి దబదబ చప్పుడు. ఫెబి బండి బాదుతోంది. దిగి చూస్తే దీపాన్ని చేతుల్లో తలకిందులుగా పట్టుకుని నిలబడి ఉంది.

"బోర్లిస్తే సరిపోతందండీ."

నిజంగానే వంపు బయటికి తిరిగింది. పైనుండాల్సిన ఎరుపు కిందికి, కిందుండాల్సిన నారింజ రంగు పైకి వచ్చాయి. అంచున బొటనవేలు దూరేంత సందు మిగిలింది. జాన్ బాబు వైర్లు కలిపాడు. మొదటిసారి బ్రేకు నొక్కితే ఇండికేటరు కొట్టుకుంది. వైర్లు మార్చి కలిపాక ఎర్రగా వెలిగింది. ఫెబి సందు చుట్టూ టేపు వేసింది, పుండుకి కట్టు కట్టినట్టు, ముడత లేకుండా.

మర్నాడు టెస్టు దగ్గర పొడుగాటి పెద్దాయన పలకలాంటి టాబ్లెట్ పట్టుకుని బయటికొచ్చాడు. ఫెబిని కూర్చోబెట్టి వెనక నిలబడ్డాడు. బ్రేకు అన్నాడు, నొక్కింది. ఎడమ అన్నాడు, వేసింది. కుడి అన్నాడు, వేసింది. మళ్లీ ఎడమ అన్నాడు. కాకిలా తల పక్కకి వంచి చూశాడు. కొంచెం దూరంలో జాన్ బాబు కూడా తల అటే వంచాడు.

"ఈ దీపం తలకిందులుగా ఉందా?" అని అడిగాడు పెద్దాయన.

అబద్ధం ఎలా ఆడాలో ఫెబికి జాన్ బాబు ఎన్నేళ్లుగా నేర్పినా రాలేదు. "ఉందండీ. కానీ వెలుగుతోంది," అంది.

ఆయన ఇంకోసారి తల రెండోవైపు వంచాడు. "వెలుగుతోందా లేదా అనేదే నేను చూడాల్సింది. ఎటు నిలబడి వెలుగుతోందో చూడమని నాకెవరూ చెప్పలేదు," అని ఎక్కి కూర్చున్నాడు.

బండి వెళ్లింది. జాన్ బాబు గోడ పక్కన నిలబడి, ఈపాటికి టేపు ఊడి ఉంటుంది, ఈపాటికి దీపం రోడ్డు మీద పడి ఉంటుంది, వెనక లారీ దాన్ని తొక్కేసి ఉంటుంది అనుకుంటూ నెలలో పడాల్సిన బాధంతా అక్కడే పడ్డాడు. బండి తిరిగొచ్చింది. దీపం ఉంది. ఇద్దరూ లోపలికి వెళ్లారు. ఫెబి బయటికొచ్చినప్పుడు చేతిలో పాసైన కాగితం ఉంది. కళ్లు తుడుచుకుంది.

పెద్దాయన తర్వాతి మనిషి కోసం గుమ్మంలోకి రాగానే జాన్ బాబు ఆయన్ని పట్టుకున్నాడు. "అయ్యా, ఆ దీపం చేసిన మస్తాన్ గారు ఎలాంటివారనుకున్నారు, ఒకసారి కృష్ణా నది మీద ఆగిపోయిన రైలింజనుకి—"

"ఏవండీ, ఎక్కండి. కాగితం చూపించాలి, ఆఫీసు మూసేస్తారు," అంది ఫెబి స్టీరింగు దగ్గర్నుంచి.

ఎక్కాడు. బండి కదిలింది. మలుపు తిరగ్గానే ఫెబి అంది, "ఉజ్జోగంలో చేరేలోపు ఈ దేశంలో అమ్మిన కారు ఒకటి చూడండి. పాతదైనా సరే. రోడ్డు మీద పది కనబడాలి అలాంటివి."

"మరి ఇది?"

"ఇది ఆదివారానికి."

"అసలు మస్తాన్ గారు లేకపోతే ఇవాళ—"

"లైసెన్సు కార్డు చేతికొచ్చేదాకా మీరు నా పక్కన కూర్చోవాలని చట్టం. మాట్లాడాలని ఎక్కడా రాసి లేదు."

జాన్ బాబు నోరు మూసుకున్నాడు. కూడలిలో ఎర్రలైటు పడి ఫెబి బ్రేకు నొక్కింది. పక్క అద్దంలోంచి చూస్తే, వెనక కారాయన తల పక్కకి వంచి, కళ్లు చిట్లించి, వాళ్ల దీపాన్నే చూస్తున్నాడు. దిగి వెళ్లి ఒక్క రెండు ముక్కల్లో సంగతి చెప్పొద్దామని జాన్ బాబు ప్రాణం కొట్టుకుంది. చెయ్యి తలుపు మీట మీదికి పోయింది కూడా. పచ్చలైటు పడింది. ఫెబి పోనిచ్చింది.