టైల్స్ మీద సాంచాలు

కాలం మారినప్పుడల్లా మా ఆయన బోర్డు మార్చాడు. మా మామ బతికున్నప్పుడు ఠాణా పట్నం దగ్గరి పద్మనగర్‌లోని మా కార్ఖానాకు అసలు బోర్డే లేదు. ఇరవై సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ధడధడలాడుతుంటే ఆ చప్పుడు విని జనం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. మామ పోయాక మా ఆయన 'కొమురయ్య టెక్స్‌టైల్స్' అని రాయించాడు. జీఎస్టీ వచ్చిన ఏడు అది 'కె.ఎం. ఫ్యాబ్స్' అయింది. లాక్‌డౌన్ తర్వాత 'కె.ఎం. గ్లోబల్'. లోపల మాత్రం అవే ఇరవై సాంచాలు, అదే నూనె జిడ్డు, అదే గట్టయ్య. ఆ గ్లోబు ఏ మూల నుంచి లోపలికొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

గట్టయ్య మా జాబర్. ఆగిపోయిన సాంచాను మళ్లీ నడిపించేవాడు. ఒకప్పుడు నిజాంపురాలో మా నాయిన, ఆయన ఒకే షెడ్డులో పనిచేశారు. పదేళ్ల పిల్లగా నేను అక్కడే నూలు కండెలు చుట్టాను. సాంచాల నడుమ గొంతు చించుకుని అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకే అక్కడ పనిచేసే వాళ్లందరికీ పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటవుతుంది. నలభై ఏళ్ల చప్పుడుకు గట్టయ్య చెవులు పూర్తిగా పోయాయి. అయినా ఆయనకు తెలియని ముచ్చట పద్మనగర్‌లో లేదు. మా ఆయన మాత్రం పైనున్న అద్దాల గదిలో గల్లా దగ్గర పెరిగినవాడు. ఇరవై సాంచాలకు సేఠ్, ఆ పెదవుల భాషలో ఒక్క ముక్క రాదు.

పోయిన ఏడాది ఠాణాలో ఒక హోటల్లో వ్యాపారాన్ని కొత్త కాలానికి ఎలా మార్చుకోవాలో రెండు రోజులు నేర్పించారు. మా ఆయన, మా కొడుకు వైభవ్ ఇద్దరూ మెడలో బిళ్లలు వేసుకుని వెళ్లొచ్చారు. వచ్చినప్పటి నుంచి ఇంట్లో అన్నం తక్కువ, బ్రాండింగ్ ఎక్కువ. మంచి సేఠ్ అనేవాడు సాంచాల మధ్య తిరగకూడదట, పై నుంచి చూడాలట. షెడ్డు చూడగానే గుడ్డ కొనే పార్టీ కళ్లు జిగేల్మనాలట. అందుకని సాంచాలన్నీ లేపించి, కింద తెల్లటి నున్నటి టైల్స్ వేయించి, మళ్లీ వాటిమీద బిగించమన్నాడు.

గట్టయ్య చేతులు అడ్డం పెట్టాడు. "సేఠ్, సాంచా కాళ్లకు గట్టి నేల గావాలె. గీ నున్నటి దాని మీద ఊగుతది. ఊగితే గుడ్డల పట్టీలు పడుతయి."

"నువ్వు పానా పట్టుకో గట్టయ్యా. బ్రాండింగ్ నాకిడిసిపెట్టు" అన్నాడు మా ఆయన.

టైల్స్ ఫొటోలు చూసి స్కూలు యూనిఫారాల కంపెనీ ఒకటి ఆర్డరిచ్చింది. మా ఆయన దూద్ పేడాలు పంచాడు. నెల తిరగకుండానే మొదటి లాట్ వెనక్కొచ్చింది. గుడ్డ నిండా అడ్డ పట్టీలు. ఇంకొక్క లాట్ చూస్తామని, ఈలోపు తమ ఆఫీసరు వచ్చి షెడ్డు చూస్తాడని కంపెనీవాళ్లు చెప్పారు. అదీ పోతే ఏం చేయాలో మా ఆయన దగ్గర జవాబు తయారుగా ఉంది. కాశేలిలో గోదాములు నడిపే పార్టీ ఒకటి షెడ్డును కిరాయికి అడుగుతోంది. సాంచాలు భంగారుకు, అంటే పాత ఇనుప సామాన్లోడికి, పనోళ్లు రోడ్డుకు. దాన్ని కూడా ఆయన మార్పు అనే అన్నాడు.

పట్టీలకు కారణం టైల్స్ కావచ్చని ఆయనకు కలలో కూడా తోచలేదు. పనోళ్ల మీద అనుమానమొచ్చింది. ఎనిమిది కెమెరాలు పెట్టించాడు. అద్దాల గదిలో గోడంత తెర. తెర మీద అందరి నోళ్లూ కదులుతున్నాయి, మాట మాత్రం లేదు. మైకున్న కెమెరాలు తెప్పించాడు. అప్పుడు ధడధడ వినపడింది. అది గది బయట ఊరికే వినపడుతూనే ఉంది.

నేను చాయ్ తీసుకొచ్చి, తెరలో ఒక పనివాడి పెదవులు చూసి నవ్వాను. అదే నేను చేసిన తప్పు.

"ఎందుకు నవ్వుతున్నవ్? ఏమంటుండు వాడు?"

"నిన్ను బోర్డు సేఠ్ అంటుండు."

మా ఆయన మొహం ఎర్రబడింది. అంతలోనే కళ్లు మెరిశాయి. "నీకు సమజైతదా?" అన్నాడు. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయింది. పెళ్లాం కండెలు చుట్టిన పిల్ల అని నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడి, ఆ సంగతే మరిచిపోయాడు. వెంటనే తెర ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. "మమ్మీ, ఆజ్ సే నువ్వే మన డేటా టీమ్" అన్నాడు వైభవ్.

నేను ఆ కుర్చీలో కూర్చున్న సంగతి గంటలో షెడ్డంతా పాకింది. ఆ తర్వాత నేను తెరలో చూసిందల్లా గట్టయ్య మొహమే. కెమెరా కిందికొచ్చి, తల పైకెత్తి, తీరిగ్గా పెదవులు కదిపాడు. "చెల్లె, నీ మొగనికి జెప్పు. తప్పు మా చేతులల్ల లేదు, నేలల ఉంది. టైల్స్ తీపియ్యమను. రొండు దినాలల్ల గుడ్డ సాపైతది."

ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆయన బల్ల గుద్దాడు. "చూసినవా? కెమెరా ముంగటికొచ్చి నాకే పాఠం జెప్తుండు. గిదంత వాని చాల్, కుట్ర. నా టైల్స్ మీద కండ్లు మండుతున్నయి. ఆఫీసరు వచ్చి పోనియ్యి, శుక్రవారం కెల్లి వాన్ని రావొద్దంట."

నాకు ఒళ్లు మండిపోయింది. మా మామ చేతికి స్పానర్ అందించి ఈ ఇరవై సాంచాలను నిలబెట్టినవాడు గట్టయ్య. మా నాయిన పాడె మోసినవాడు. ఆ మనిషిని నా నోటితో వచ్చిన మాటకే వెళ్లగొడతానంటున్నాడు. ఆ రాత్రి కూరలో ఉప్పు వేయలేదు. మా ఆయనకు అది తెలియనే లేదు.

బుధవారం ఆఫీసరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. వైభవ్ ఆయన్ని షెడ్డంతా తిప్పుతుంటే, మా ఆయన పై నుంచి చూసే సేఠ్ కాబట్టి అద్దాల గదిలోనే ఉండిపోయి తెర మీదికి వంగాడు. నేను పక్కన. నడిమి వరసలో ఆఫీసరు ఆగాడు. వేలితో కింద టైల్స్ చూపిస్తూ వైభవ్‌తో ఏదో అన్నాడు.

"ఏమంటుండు? జల్ది జెప్పు!"

ఆయనన్నది ఇది: "యే టైల్స్ కహాఁ సే లియా? మేరే బాత్‌రూమ్ మే లగానా హై." ఈ టైల్స్ ఎక్కడ కొన్నారు, మా ఇంటి బాత్‌రూమ్‌లో వేయించుకోవాలి అని.

నేను మా ఆయన మొహంలోకి చూశాను. ఇరవై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ ఆయనకు అబద్ధం చెప్పలేదు. చెప్పిన నిజాలు ఎన్ని ఆయన చెవికెక్కాయో లెక్కపెట్టుకుంటే ఒక్కటీ దొరకలేదు.

"గీ టైల్స్ మీద సాంచాలుంటే పట్టీలు రాకుంట ఎట్లుంటయి, ముందుగాల ఇవి పీకేయమంటుండు" అన్నాను.

ఆఫీసరు చప్పుడు భరించలేక చెవులు మూసుకుని, నేరుగా వెళ్లి కారెక్కాడు. వైభవ్ పైకి రాగానే మా ఆయన పట్టుకున్నాడు. "ఆఫీసరు టైల్స్ గురించి అన్నడా లేదా?"

"పప్పా, అక్కడ ఆ ధడధడల కుఛ్ సునాయీ నహీ దేతా. టైల్స్ చూపిచ్చిండు, నేను హా హా అన్న."

ఇంకేం కావాలి. గంటలో గడ్డపారలు వచ్చాయి. జాబర్ చెబితే కుట్ర, ఇస్త్రీ చొక్కా చెబితే సలహా. పగిలిన టైల్స్ మధ్య నిలబడి గట్టయ్య కెమెరా వైపు చూసి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ఆఫీసరు పెదవులు ఆయన కూడా చూశాడు మరి. శుక్రవారం మాట మా ఆయన మళ్లీ ఎత్తలేదు, పాత నేల మీద సాంచాలు బిగించడానికి గట్టయ్య తప్ప ఇంకో మనిషి లేడు. రెండో లాట్ ఒక్క పట్టీ లేకుండా వెళ్లింది. ఆర్డరు నిలిచింది. కాశేలి పార్టీ వేరే షెడ్డు చూసుకుంది.

అబద్ధమాడినందుకు నాకు రవ్వంత కూడా సిగ్గు లేదు.

మొన్న మా కుల సమాజం హాలులో మా ఆయనకు శాలువా కప్పారు. 'మారుతున్న కాలంతో నడిచిన పారిశ్రామికవేత్త' అట. నన్ను మొదటి వరసలో కూర్చోబెట్టారు. గట్టయ్య వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయనకు కుర్చీ వేయాలని ఎవరికీ తోచలేదు. మా ఆయన మైకు పట్టుకున్నాడు.

"నా షెడ్డుల ఎనిమిది కెమెరాలున్నయి. నా పనోళ్లు నోరిప్పక ముందే వాళ్ల మాట నాకినవడ్తది! ఇప్పుడు ఇంకో పదహారు పెడ్తున్న!"

చప్పట్లు మోగాయి. నేను వెనక్కి తిరిగి గట్టయ్యను చూశాను. అంత దూరం నుంచి ఆ మాటలన్నీ మా ఆయన పెదవుల మీదే చదువుకున్నాడు. మెల్లగా తన పెదవులు కదిపాడు.

"చెల్లె, నా చెవులు సాంచాలు తిన్నయి. మరి నీ మొగని చెవులు ఎవలు తిన్నరు?"

నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. అప్పటికే కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన వేదిక మీద నుంచి నన్ను చూసి, తన ఉపన్యాసానికే కదిలిపోయాననుకున్నాడు. ఇంకో పావుగంట మాట్లాడాడు.