వెన్నెల నోట్లో తీగ

పిల్లల దంత వైద్యం పీజీ చదివే మేము ఒకరి పేషెంట్లను ఒకరు దొంగిలించేవాళ్ళం. నవ్వకండి. కుప్పంలో మా డెంటల్ కాలేజీలో ఆఖరి పరీక్షకు ఒక్కొక్కరం కొన్ని కేసులు చూపించాలి. వేలు చీకే అలవాటు మాన్పించే కేసు అందులో ఒకటి. వేలు చీకే పిల్లలు ఊరూరా ఉంటారు గానీ, పరీక్ష ముందు మాత్రం ఒక్కరూ దొరికి చావరు. నేను నానా అవస్థా పడి వెతికి పట్టుకున్న పిల్లవాణ్ణి, నేను భోజనానికి వెళ్ళినప్పుడు మా క్లాస్‌మేట్ వినోద్ తన కుర్చీలో కూర్చోబెట్టుకుని, కేసు తన పేరు మీద రాసేసుకున్నాడు. ఆ రోజు నేను వాడితో పడిన గొడవకు సార్ ఇద్దరినీ బయట నిలబెట్టారు.

అందుకే సోమల అనే ఊళ్ళో మా కాలేజీ పెట్టిన క్యాంపులో వెన్నెల దొరికినప్పుడు జాగ్రత్తపడ్డాను. ఎనిమిదేళ్ళ పిల్ల. వేలు చీకీ చీకీ ముందరి పళ్ళు బయటికి వచ్చేశాయి. వాళ్ళమ్మ ఇంద్రాణికి ఆవులే లోకం. ఇద్దరినీ కాలేజీ వ్యానులో కుప్పం రప్పించి, పిల్ల పై దవడకు తీగ బిగించాను. ఆరేళ్ళ వయసులో వచ్చే పెద్ద దవడ పళ్ళకు రెండు వైపులా స్టీలు పట్టీలు, వాటిని కలుపుతూ ముందరి పళ్ళ వెనక చిన్న కంచె. వేలు పెడితే కంచె అడ్డం వస్తుంది. ఆరేడు నెలలు ఉంచి తీసెయ్యాలి. ఏళ్ళ తరబడి వదిలేస్తే పట్టీల కింద పళ్ళు పుచ్చిపోతాయి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. పరీక్షలో ఈ ప్రశ్నకు మంచి మార్కులే వచ్చాయి.

తీగ బిగించాక రబ్బరు గ్లవ్‌ను ఊది, దానికి కళ్ళూ ముక్కూ గీసి, కోడిపుంజు అని చెప్పి చేతికిచ్చాను. వంగి చెవిలో చెప్పాను.

"సూడు బంగారూ, నేను తప్ప ఎవురు నోరు తెరవమన్నా తెరవద్దు. దీన్ని నేనే తీస్తా. వేరేవాళ్ళు ముట్టుకుంటే పండ్లన్నీ పాడైపోతాయి. ఒట్టేనా?"

నా అరచేతిలో చెయ్యి వేసి ఒట్టేసింది. పక్క కుర్చీ దగ్గర వినోద్ ఇటే చూస్తున్నాడు. వాడి మొహం చూసి నాకు భలే సంతోషమేసింది.

పరీక్ష పాసయ్యాను. రికార్డులు అప్పగించే రోజు అన్ని కేసు షీట్ల చివరా ఒకే వాక్యం రాసుకుంటూ పోయాను. 'పేషెంటు మళ్ళీ చూపించుకోవడానికి రాలేదు.' వెన్నెల రావలసిన తేదీకి అప్పటికింకా నాలుగు నెలలుంది. తర్వాత మదనపల్లెలో ఒక క్లినిక్‌లో చేరాను. ఆదివారాలు మా చర్చిలో పిల్లలకు అబద్ధమాడకూడదని పాఠాలు కూడా చెప్పాను. వెన్నెల గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. ఎవరో ఒకరు తీసే ఉంటార్లే అనుకున్నాను.

పోయిన నెల కుప్పం కాలేజీలో నేను చదివిన విభాగంలోనే లెక్చరరుగా చేరాను. నిన్న పొద్దున పీజీ ప్రదీప్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మేడమ్, ఒక పాప అరగంట నుంచి నోరు తెరవడం లేదు. బతిమాలాను, బెదిరించాను. ఉహూఁ."

"నువ్వు పక్కకు జరుగు. పిల్లలతో ఎలా మాట్లాడాలో చూపిస్తా," అని గొప్పలు పోతూ వెళ్ళాను.

కుర్చీలో పదకొండేళ్ళ పిల్ల. నన్ను చూడగానే కళ్ళు ఇంతింత చేసుకుంది. నేను ఒక్క మాటా అనకముందే నోరు పెద్దగా తెరిచింది.

ముందు వాసన కొట్టింది. తర్వాత తీగ కనబడింది. నా తీగే. నా చేత్తో వంచిన మెలికే. కంచె అంగిట్లోకి దిగబడి చుట్టూ వాచిపోయింది. కుడి పట్టీ వదులై, దాని కింద పన్ను నల్లగా ఉంది. ప్రభువా!

"సూసినారా, మీరొస్తేనే తెరిసింది," అంది పక్కన నిలబడిన ఇంద్రాణి. "మూడేండ్లుగా ఇదే మొండితనం డాక్టరమ్మా. రెండుసార్లు ఈడికే పిల్సుకొస్తిమి. మీరు లేరనిరి. వేరే డాక్టర్లు సూస్తామంటే నోరు తెరవదే! మదనపల్లె ఆసుపత్రికీ పిల్సుకపోతిమి. ఆడా అంతే. కంపు కొడతాండావని ఇస్కూల్లో పిల్లోళ్ళు పక్కన కూసోరు. అయినా ఒకటే మాట, డాక్టరమ్మకు ఒట్టేసినా అని."

మదనపల్లె ఆసుపత్రికి నా క్లినిక్ రెండు వీధుల అవతల.

"ఎవుర్నీ ముట్టుకోనీలేదు మేడమ్," అంది వెన్నెల. ఎంత గర్వమో ఆ మొహంలో! నాకు ఏడుపొచ్చింది.

పిల్లను పక్కనున్న నా కుర్చీలోకి మార్చి పట్టీలు తీశాను. ఎడమ పన్ను బాగుచెయ్యొచ్చు. కుడిది సగం పట్టీతోపాటే ఊడొచ్చింది. అది పాల పన్ను కాదు, పోతే మళ్ళీ రాదు. మిగతా సగం తీసెయ్యడం తప్ప దారి లేదు. ఆ మాట చెబితే ఇంద్రాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రదీప్ పాత షీట్ వెతికి తెచ్చి చివరి వాక్యం పైకి చదివాడు. "మళ్ళీ చూపించుకోవడానికి రాలేదని రాసుంది. సమయానికి రావద్దా అమ్మా?" అని కసిరాడు.

"మాదే తప్పప్పా," అంది ఇంద్రాణి. "పరీచ్చలయినంక వ్యాను రాలేదు. ఆవులు ఈనే కాలం, ఇడిసిపెట్టి అప్పుడు రాలేకపోతిమి." నా చేతులు రెండూ పట్టుకుంది. "మీరు మంచిగానే సేసినారు. మేమే పాడుసేసుకుంటిమి. కోపం పెట్టుకోవద్దు తల్లీ."

నోరు మూసుకుంటే సరిపోయేది. కాగితం నా వైపు ఉంది, తల్లి తప్పు ఒప్పుకుంది, అడిగేవాళ్ళు లేరు. 'పర్వాలేదులేమ్మా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. థూ, ఏం బతుకే మెర్లిన్ నీది అనుకున్నాను.

"తప్పు మీది కాదమ్మా, నాది. ఆ పొద్దు మీ బిడ్డకు అబద్ధం సెప్పినా. ఏ డాక్టరు ముట్టుకున్నా పండ్లు పాడుకావు. నా పరీక్ష కేసును ఇంకొకరు ఎత్తుకపోతారని భయపడి అట్ల సెప్పినా. మీరు రాలేదని రాసింది కూడా నేనే, మీరు రావాల్సిన దినం రాకముందే."

ప్రదీప్ షీట్ మూసేశాడు. ఇంద్రాణికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నా చేతులు వదిలేసింది.

వెన్నెల నాలుకతో అంగిలి తడుముకుంటూ నన్నే చూసింది.

"నా పండ్ల కోసరం సెప్పలేదా?"

"లేదు బంగారూ. నా కోసరం సెప్పినా."

"అయితే ఎవురైనా ముట్టుకోవచ్చునా?"

"ముట్టుకోవచ్చు. అప్పుడు గూడా ముట్టుకోనుండొచ్చు."

"ఈ పన్ను ఎవురు పెరుకుతారు?"

"నేనే. నొప్పి తెలీకుండా తీస్తా," అని మత్తు సూది అందుకోబోయాను.

వెన్నెల నా కుర్చీ దిగింది. ప్రదీప్ కుర్చీ ఎక్కి కూర్చుని, అతను అడగకముందే నోరు పెద్దగా తెరిచింది.