పద్దెనిమిది గిద్దల మానిక

వేములపల్లి మిషన్ బడి పంతులు రాజారత్నం తొమ్మిదేళ్లుగా మానికలు కొలుస్తున్నాడు. లోకమంతా మానికతో గింజలు కొలిస్తే, ఆయన గింజలతో మానికను కొలిచేవాడు. మిర్యాలగూడ నుంచి సూర్యాపేట దాకా, అక్కణ్నుంచి కోదాడ దాకా కనబడిన ప్రతి కొట్టు ముందూ ఆగేవాడు. జర మీ మానిక ఇస్తారా అని అడిగి, సంచిలోంచి ఆవాలు తీసి, గిద్దతో పోసి చూసి రాసుకునేవాడు. మానికకు పదహారు గిద్దలని పలక పట్టిన పిల్లలకు కూడా తెలుసు. కొట్లవాళ్లకు మాత్రం తెలియదని ఆయన పరిశోధనలో తేలింది.

రజాకార్ల రోజుల్లో ఆయన్ను సంఘం మనిషని రజాకార్లు పట్టుకున్నారు. సర్కారుకు ధాన్యం వసూలు చేసే లెవీ గుమాస్తా అని సంఘంవాళ్లు పట్టుకున్నారు. రెండు పక్షాలవాళ్లూ సంచి వెతికి, ఆవాలు చూసి, పిచ్చివాడని వదిలేశారు. ఆ సంగతి ఆయన భార్య దేవమ్మ పెళ్లయిన ఏడాదే కనిపెట్టింది గానీ బయట ఎవరికీ చెప్పలేదు.

కొలతలన్నీ కలిపి మూడు వందల పేజీల ఇంగ్లీషు గ్రంథమైంది. దేవమ్మ వెండి కడియాలు అమ్మి సూర్యాపేట కచేరీ దగ్గర టైపు చేయించాడు. ఇక డాక్టరేటుకు అడ్డం ఫీజు ఒక్కటే. యూనివర్సిటీ సరిహద్దుకు అవతల ఉంది. అక్కడ నిజాం హాలీ సిక్కా చెల్లదు, కల్దారు రూపాయలే కట్టాలి. ఫీజు వంద కల్దారు. అంటే, మార్చేవాడి వట్టంతో, బస్సు కిరాయితో కలిపి నూట ఇరవై హాలీ. నలభై తొమ్మిదో సంవత్సరం డిసెంబరు నెలాఖరులోపు కట్టకపోతే పేరు కొట్టేస్తామనీ, కావాలంటే మళ్లీ మొదటినుంచీ చేరవచ్చుననీ ఉత్తరం వచ్చింది. పంతులు జీతం నెలకు ముప్పై. వయసు నలభై నాలుగు. మళ్లీ మొదటినుంచీ అన్న మాట చదివిన రోజు ఆయన అన్నం తినలేదు. దేవమ్మ కూడా తినలేదు. కాకపోతే ఆవిడ తినకపోవడానికి ఇంట్లో గింజలు లేకపోవడం కూడా ఒక కారణం.

మిర్యాలగూడలో దుర్గయ్య సేటు ధాన్యం వ్యాపారి. వేములపల్లి భూముల్లో సగం ఆయనవే. రాజారత్నం వెళ్లి అడగ్గానే ఇస్తానన్నాడు. చదువుకు ఇస్తే పుణ్యం, పైగా పేరు. తన పేరు ఆ పుస్తకంలో వేస్తారా అని అడిగాడు. రాజారత్నానికి నిజం చెప్పే జబ్బు ఉంది. ఇప్పటికే ఉందండీ, నూట ఎనభై ఏడో పేజీలో, అన్నాడు. సేటు మురిసిపోయి చదివి వినిపించమన్నాడు. ఆయన తెలుగు చేసి వినిపించాడు. మిర్యాలగూడ దుర్గయ్య కొట్లో కొనే మానికకు పద్దెనిమిది గిద్దలు, ఇచ్చే మానికకు పద్నాలుగు.

దుర్గయ్యకు కోపం రాలేదు. సేటు ఊళ్లో లేని రోజు చూసి పంతులు చేతికి మానికలిచ్చిన గుమాస్తా ఈదయ్య మాత్రం మెల్లగా గోదాంలోకి జారుకున్నాడు.

"పదిహేడు చెయ్యి పంతులూ," అన్నాడు దుర్గయ్య. "పద్దెనిమిదంటే జర బాగుండదు."

ఇది బేరం కాదు, పరిశోధన అన్నాడు రాజారత్నం. బేరం కానిది భూమ్మీద లేదన్నాడు దుర్గయ్య. పదిహేడున్నర దాకా కూడా వచ్చాడు. రాజారత్నం రాలేదు. ఫీజూ రాలేదు.

వేములపల్లి క్రైస్తవ వాడలో ఒక పద్ధతి ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ప్రతి ఇంటి ఆడమనిషీ ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తుంది. దాన్ని పిడికెడు బియ్యం అంటారు. బియ్యమన్నది పేరుకే, వచ్చేవి జొన్నలు. ఆదివారం ఆదివారం అవి గుడికి చేరతాయి. రెండేళ్లుగా గుడి కప్పుకు పెంకులు కొనాలని కూడబెడుతున్నారు. వాన పడితే ప్రార్థన మధ్యలో ఎవరి చోటు వాళ్లు మార్చుకోవడం అందరికీ అలవాటే.

దేవమ్మ వెళ్లి ఆడవాళ్ల ముందు సంగతి చెప్పింది. ఆ గింజలు అడుగుతుంటే చావు నయమనిపించిందని తరవాత భర్తతో అంది. వాళ్లలో పెద్దది బుచ్చమ్మ. అరవై దాటినా ఇంకా కూలికి పోతుంది. ఆమె కొడుకుకు అక్షరాలు దిద్దించింది రాజారత్నమే. డాక్టరేటు అంటే ఏమిటని బుచ్చమ్మ అడగలేదు. దేవుడు ఇన్నేండ్లు తడిసిండు, ఇంకో ఏడాది తడుస్తడు అని మాత్రం అంది. ఆ మాటతో తీర్మానం అయిపోయింది.

రాజారత్నం తన ఇత్తడి మానిక తెచ్చి, పదహారు గిద్దలది, దగ్గరుండి కొలిపించాడు. మూడు వందల అరవై మానికలు తేలాయి. రూపాయికి మూడు మానికల ధర. సరిగ్గా నూట ఇరవై రూపాయలు. ఆయన గుడి వెనక్కి వెళ్లి కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాడు.

అంత సరుకును రొక్కమిచ్చి కొనేవాడు చుట్టుపట్ల దుర్గయ్య ఒక్కడే. గింజలను బండికెత్తారు. రాజారత్నం వెంట నడిచాడు, వాడ తరఫున బుచ్చమ్మ బండి మీద కూచుంది. కొట్టు ముందు బస్తాలు దించగానే ఈదయ్య, ఆచారం ప్రకారం ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అని కొలుచుకుపోయాడు. లాభం ఎవరికన్నది కొలిచేవాళ్లు ఎక్కడా చెప్పరు. మూడు వందల ఇరవై దగ్గర బస్తాలు ఖాళీ అయ్యాయి.

నలభై మానికలు తగ్గాయి. రాజారత్నం మనసులో లెక్క వేసుకున్నాడు. పదహారు గిద్దలవి మూడు వందల అరవై, పద్దెనిమిది గిద్దలవి మూడు వందల ఇరవై. గిద్ద కూడా తేడా లేదు. పదమూడు రూపాయల చిల్లర పోయిందన్న బాధకన్నా ముందు, తన నూట ఎనభై ఏడో పేజీ రుజువైందన్న సంతోషం వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాడు, కానీ సంతోషం వెంటనే పోలేదు.

వాడలో ఎన్ని కొలిచారో, ఇక్కడ ఎన్ని తేలాయో పైకి చెప్పాడు. కొట్లో పదిమంది ఉన్నారు. దుర్గయ్య ఈదయ్య వైపు ఒకసారి చూసి, పెట్టె తెరిచి, తేలినవాటికి డబ్బిచ్చి, తగ్గిన పదమూడు రూపాయల చిల్లర కూడా లెక్కపెట్టి గల్లా మీద పెట్టాడు.

"ఇగ లెక్క సరిపాయె," అన్నాడు. "నా కొట్ల తేడా లేదని రాయి. రాసి తీస్కపో."

నెలాఖరుకు నాలుగు రోజులున్నాయి. గల్లా మీద ఉన్నది ఫీజులో తక్కువైన సొమ్ము. రాజారత్నం సంచిలోంచి పేజీ తీశాడు. కలం మూత కూడా తీశాడు. ఒక్క అంకె కొడితే మిగిలిన రెండు వందల తొంభై తొమ్మిది పేజీలు బతుకుతాయి. ఆయన చేయి పేజీ మీదికి వంగిందన్నది నిజం. దాన్ని తరవాత ఆయన ఎన్నడూ దాచలేదు.

"సారూ," అంది బుచ్చమ్మ. "కొనే మానిక ఎక్కువ, ఇచ్చే మానిక తక్కువ అని రాసినవట గదా. కూలి గింజలు నాకు ఆ ఇచ్చే మానికతోనే పోస్తరు. ఈయన అయ్య కాలం నుంచి నలభై ఏండ్లు, దినానికి రెండు మానికలు. నాయి ఎన్ని తగ్గినయో జర సూడు."

లెక్క కనబడితే చేయకుండా ఉండలేని మనిషి ఆయన. మానికకు రెండు గిద్దల చొప్పున రోజుకు నాలుగు. ఏడాదికి తక్కువలో తక్కువ రెండు వందల పనిదినాలు వేసుకున్నా యాభై మానికలు. నూట ఎనభై ఏడో పేజీ వెనకవైపు రాసి కూడాడు. మళ్లీ కూడాడు. తొమ్మిదేళ్లలో ఆయన నాలుగు వందల కొట్లలో అడిగాడు. ఆ మానికతో ఎవరికి పోస్తారని ఒక్కచోటా అడగలేదు.

"రెండు వేల మానికలు, బుచ్చమ్మా," అన్నాడు.

రెండు వేల మానికలంటే ఐదు డాక్టరేట్లకు ఫీజు కట్టినా ఇంకా మిగులుతాయి. చదువు రాని ఆ మనిషి అంత కట్టింది, రసీదు లేకుండా.

దుర్గయ్య చేయి గల్లా మీది డబ్బు దాకా వచ్చి ఆగింది. వెనక్కి తీసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు, వదిలేస్తే అప్పు ఒప్పుకున్నట్టు. ఆయన ఆలోచిస్తుండగానే బుచ్చమ్మ ఆ పదమూడు రూపాయల చిల్లరా తీసి రాజారత్నం చేతిలో పెట్టింది.

"ఇవి నా దాంట్ల జమ. నీ ఫీజుకు నేనిస్తున్న. మిగిలింది కాయితంల రాసుకో."

ఆయన అంకె కొట్టలేదు. పద్దెనిమిది పద్దెనిమిదిగానే ఉంది. మర్నాడు కోదాడలో వట్టం ఇచ్చి హాలీని కల్దారుగా మార్చుకున్నాడు. అక్కడి షరాబు కూడా ఏదో కొంచెం నొక్కే ఉంటాడు. కానీ అది వేరే పరిశోధన. బస్సు వచ్చేలోగా గ్రంథం చివరి పేజీలో, టైపు అక్షరాల కింద, చేత్తో ఇంగ్లీషులో ఒక వాక్యం చేర్చాడు. వేములపల్లి కూలి బుచ్చమ్మకు దుర్గయ్య కొట్టు నుంచి ఇంకా రావలసినవి, పందొమ్మిది వందల అరవై మానికలు.

ఫీజు ముట్టింది. గ్రంథం పరీక్షకుల దగ్గరికి వెళ్లింది. నాలుగు నెలలకు ఉత్తరం వచ్చింది. కృషి అపూర్వమనీ, చివరి వాక్యానికి మాత్రం ఆధారం చూపలేదనీ, ఆధారం ఎక్కడ లభిస్తుందో తెలపాలనీ, లేదా వాక్యం తొలగించాలనీ అందులో ఉంది.

రాజారత్నం ఆ సాయంత్రమే జవాబు రాశాడు. ఆధారం వేములపల్లిలో ఉంటుందనీ, పొద్దు పొడవకముందే కూలికి పోతుంది గనక, చూడడానికి వచ్చేవారు ఆదివారం రావాలనీ.