ఎనిమిది గంటల మందు

స్నానం చేసి వచ్చి ఫోన్ చూస్తే క్యాలెండర్‌లో పచ్చ గీత. "పాప మందు, ఎనిమిది." టైము ఎనిమిదింపావు. నేనింకా సీసా మూతైనా తీయలేదు.

మా ఇంట్లో పాపకి ఫిట్స్ మందు వేసినవాళ్లు వేసిన వెంటనే ఫోన్లో రాయాలి. నాదీ, మా ఆయనదీ, అత్తయ్యదీ, ముగ్గురి ఫోన్లలోనూ అదే క్యాలెండర్. రాసి ఉందంటే వేసినట్టే. రెండుసార్లు పడితే పాప మత్తులోకి జారుతుందని, అసలు పడకపోతే మళ్లీ ఫిట్స్ వస్తాయని డాక్టరమ్మ చెప్పింది. తొమ్మిది దాటనివ్వొద్దంది.

అత్తయ్య అప్పుడే టైలరింగ్ షాపుకు వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మిషన్ల మోతలో వినపడి ఉండదు. రాసిందెవరో చూద్దామని గీత మీద నొక్కితే నా పేరే వచ్చింది. నేను ఏడో తరగతితో చదువు ఆపేసినదాన్ని, ఫోన్ ఏం చెబితే అదే నిజమనుకుంటాను. నేనే వేసి మర్చిపోయానా?

వ్యాను నడుపుతున్న మా ఆయనకు చేశాను.

"నీ పేరే ఉందిగా. నన్నడుగుతావేంటి?"

"నేను వేయలేదండీ."

"మరి వెయ్యి."

"ఎవరైనా వేసి ఉంటే?"

"నీ పాత ఫోన్ అమ్మకిచ్చావు కదా. అందులో నీ పేరు మార్చావా?"

మార్చలేదు. అంటే రాసింది అత్తయ్య. వేసి రాశారా, వేయకుండానా? వేలితో జరిపితే రేపటికీ అదే గీత, ఎల్లుండికీ, నెలాఖరు దాకా. రేపటి మందు ఇవాళ ఎవరూ వేయలేరు. అయినా ధైర్యం చాలలేదు. షాపు ఓనరమ్మకు చేసి అత్తయ్యను పిలిపించాను. ఆవిడ లైన్లోకి వచ్చేసరికి ఎనిమిదీ యాభై.

"పాపకి మందు వేశారా అత్తయ్యా?"

"నేనెందుకేస్తానే? నిద్రమొహంతో నువ్వెక్కడ మర్చిపోతావోనని నెలంతటికీ రాసిపెట్టా. కళ్లు లాగేశాయనుకో."

"రాస్తే వేసినట్టు కదండీ."

"చెయ్యాల్సిన పని రాసుకుంటారు గానీ, అయిపోయిన పని రాసుకుంటారటే ఎవరైనా? మరి ముందు గుర్తుండటానికి ఎక్కడ రాయాలి?"

ఫోన్ పెట్టేసి సీసా మూత తీశాను. తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా పాప నోట్లో మందు పోశాను. మొహం చిట్లించి మింగేసింది.

సాయంత్రం వచ్చేటప్పుడు అత్తయ్యకొక గోడ క్యాలెండర్ తెమ్మని మా ఆయనకు చెప్పాను. ఫోన్లో గీతలన్నీ ఒక్కొక్కటే తుడిచేసి, ఇవాళ్టిది మాత్రం మళ్లీ నేనే రాశాను.